కెనడానా, ఆస్ట్రేలియానా: నర్సుగా నాకు ఏ దేశంలో ముందు తలుపు తెరుచుకుంటుంది?

ప్రశ్న: కె.ఆర్. పురం, బెంగళూరు

సభ్యులందరికీ నమస్కారం.

నేను బెంగళూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తొమ్మిదేళ్లుగా ఐసీయూ స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. తిరుపతిలో బీఎస్సీ నర్సింగ్ చదివాను. నాకు 32 ఏళ్లు, వచ్చే ఆగస్టులో 33 నిండుతాయి. మావారికి 37. బీటెక్ చదివి, వైట్‌ఫీల్డ్‌లో ఒక సంస్థలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరుగా ఉన్నారు. పాప రెండో తరగతి చదువుతోంది. మా అత్తగారు మదనపల్లె దగ్గర ఊళ్లో రెండున్నర ఎకరాల టమాటా తోట చూసుకుంటూ ఒంటరిగా ఉంటున్నారు. నెలకు రెండు శనివారాలు మేము బస్సెక్కి వెళ్లి ఆమెను చూసి వస్తాము. ఆడపడుచు తిరుపతిలో స్థిరపడింది.

విదేశానికి వెళ్లి స్థిరపడాలన్న నిర్ణయం మా ఇద్దరిలోనూ గట్టిపడి ఏడాది అయింది. ఏ దేశమన్న దగ్గరే ఆగిపోయాము. మావారి స్నేహితులు చాలామంది కెనడాలో ఉన్నారు. నాతో చదివిన ఇద్దరు ఆస్ట్రేలియాకు వెళ్లారు. ఎవరిని అడిగినా తామున్న దేశానికే రమ్మంటారు. పోయిన నెల ఒక కన్సల్టెన్సీకి వెళితే, అక్కడివారు మావారి పేరునే ప్రధాన దరఖాస్తుదారుగా రాసుకుని, నా పేరును "డిపెండెంట్" అన్న గడిలో వేసి, అరగంటలో కెనడాకు ఒప్పందపత్రం మా ముందు పెట్టారు. నేనేం పని చేస్తున్నానో అడగనే లేదు. ఆ కాగితం మీద సంతకం పెట్టకుండా వచ్చేశాము.

ఇంటికి వచ్చాక, వలస వచ్చేవారికి కెనడా ఇచ్చే పాయింట్లను నేనే లెక్కవేసుకున్నాను. నేను ప్రధాన దరఖాస్తుదారునైతే వయసుకు 85, డిగ్రీకి 112, ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిషు పరీక్షలో వినడంలో 8, మిగిలిన మూడింటిలో 7 తెచ్చుకుంటే భాషకు 116, విదేశీ అనుభవం, చదువు భాషతో కలిసినందుకు 75, మావారి చదువుకు, ఆయన ఇంగ్లిషుకు కలిపి 28, మొత్తం 416 వస్తున్నాయి. ఆయన ప్రధానమైతే వయసు దగ్గరే 25 తగ్గి 391 అవుతోంది. ఆస్ట్రేలియాలో వయసుకు 30, డిగ్రీకి 15, ఎనిమిదేళ్లు దాటిన అనుభవానికి 15, ఇంగ్లిషుకు 10 కలిపి నాకు 70 వస్తాయి. కనీస పాయింట్లు 65 అని చదివాను.

పాయింట్ల సంగతి అలా ఉంచితే, నన్ను పీడిస్తున్న భయం మరొకటి ఉంది. ఆ దేశంలో అడుగుపెట్టాక నేను నర్సుగా పనిచేయగలనా, లేక ఏళ్ల తరబడి సహాయకురాలిగా మిగిలిపోతానా? తొమ్మిదేళ్లు వెంటిలేటర్ల పక్కన నిలబడి నేర్చుకున్న పనిని పోగొట్టుకుని వెళ్లడం నాకు ఇష్టం లేదు. ఆగస్టులోగా ఏదో ఒకటి తేల్చుకోకపోతే ఆస్ట్రేలియాలో ఐదు పాయింట్లు పోతాయన్న తొందర కూడా ఉంది. అనుభవం ఉన్నవారు దయచేసి మార్గం చూపగలరు.


సమాధానం 1: అడిలైడ్ (గతంలో బన్నేరుఘట్ట రోడ్డు, బెంగళూరు)

నమస్తే అక్కా. నేను కూడా బెంగళూరులో ఆరేళ్లు ఐసీయూలో చేసి, ఇప్పుడు దక్షిణ ఆస్ట్రేలియాలో రిజిస్టర్డ్ నర్సుగా ఉన్నాను. మీ ప్రశ్నలో చివరి పేరాయే అసలు ప్రశ్న అని నాకు అనిపించింది కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను.

రెండు దేశాల మధ్య మీకు సంబంధించిన పెద్ద తేడా ఒక్కటే. కెనడాలో కేంద్ర ప్రభుత్వపు పాయింట్ల పద్ధతి అయిన ఫెడరల్ ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ ద్వారా పీఆర్, అంటే శాశ్వత నివాస హక్కు, రావడానికి నర్సింగ్ లైసెన్సు అక్కరలేదు. మీ డిగ్రీ అక్కడి డిగ్రీకి సమానమని తేల్చే నివేదిక ఉంటే చాలు. అంటే దేశంలోకి ముందు వెళతారు, లైసెన్సు కోసం ఆ తరువాత తిరుగుతారు. ఆస్ట్రేలియాలో క్రమం తలకిందులు. ముందు వైద్య వృత్తులవారిని నమోదు చేసే ఆప్రా అనే సంస్థలో నర్సుగా నమోదు కావాలి, దాని ఆధారంగా నర్సుల అర్హతలను తూచే ఆన్మాక్ సంస్థ నైపుణ్య మదింపు ఇస్తుంది, అది చేతికి వచ్చాకే పాయింట్ల వరుసలో పేరు వేస్తారు. ఇక్కడి దారి మొదట్లో చాలా నెమ్మదిగా సాగుతుంది, డబ్బు కూడా ముందే ఖర్చవుతుంది. కానీ విమానం దిగేనాటికి మీరు నర్సుగానే దిగుతారు.

ఆ దారిలో రెండు పరీక్షలున్నాయి. మొదటిది ఎన్‌క్లెక్స్, కంప్యూటరు మీద రాసే నర్సింగ్ లైసెన్సు పరీక్ష. దీనికి బెంగళూరులోనే కేంద్రం ఉంది. ఐదు గంటల సమయంలో మీ జవాబులను బట్టి 85 నుంచి 150 దాకా ప్రశ్నలు వస్తాయి. పరీక్ష రుసుము 200 అమెరికా డాలర్లు, బయటి దేశంలో రాసినందుకు మరో 150. రెండోది ఆస్కీ, నర్సు పనిని చేసి చూపించే పరీక్ష. దీనికి ఆస్ట్రేలియాకే రావాలి, రుసుమే 4,000 ఆస్ట్రేలియా డాలర్లు, విమానం టికెట్టు, బస అదనం. పది గదులు, ఒక్కో గదిలో ఒక్కో పని.

నేను ఆస్కీ మొదటిసారి తప్పాను. ఎందుకు తప్పానో చెబితే మీకు పనికొస్తుంది. మందు ఇచ్చే గదిలో పడుకుని ఉన్న వ్యక్తి చేతి పట్టీ మీద పేరు, పుట్టిన తేదీ కళ్లతో చూసుకుని, మందుల చార్టుతో సరిపోల్చుకుని, మందు ఇచ్చేశాను. బెంగళూరులో ఒక రాత్రి డ్యూటీలో అలా ఎన్నిసార్లు చేస్తామో మీకు తెలుసు. కానీ "మీ పూర్తి పేరు, పుట్టిన తేదీ చెబుతారా?" అని నోరు తెరిచి అడగలేదు, అలర్జీలున్నాయా అని కూడా అడగలేదు. చూసుకున్నది పరీక్షకురాలికి కనబడదు. పలికినదే లెక్కలోకి వస్తుంది. రెండోసారి వెళ్లేముందు ఇంట్లో దిండును మంచం మీద పడుకోబెట్టి, చేతులు కడుక్కోవడం దగ్గరనుంచి ప్రతి పనినీ పైకి చెబుతూ నెలరోజులు సాధన చేశాను. మన చేతికి పని వచ్చు. ఆ పనిని పైకి చెబుతూ చేసే అలవాటే మనకు లేదు.

ఇక పాయింట్లు. మీ 70 తక్కువేమీ కాదు. మీవారి నైపుణ్యాన్ని కూడా మదింపు చేయిస్తే జీవిత భాగస్వామి కింద 10 కలుస్తాయి. సాఫ్ట్‌వేర్ వృత్తులకు ఏసీఎస్ అనే సంస్థ ఆ పని చేస్తుంది. అనుభవంలో మొదటి కొన్నేళ్లను తీసేసి లెక్కిస్తుందని ముందే తెలుసుకోండి. ఇంకొక 5 పాయింట్లు మన తెలుగుకే ఉన్నాయి. నాటీ అనే సంస్థ పెట్టే సీసీఎల్ పరీక్షలో తెలుగు ఒక భాష. వైద్యుడి దగ్గరో, బడిలోనో జరిగే రెండు సంభాషణలను విని, ఇంగ్లిషు మాటను తెలుగులోకి, తెలుగు మాటను ఇంగ్లిషులోకి అప్పటికప్పుడు చెప్పాలి; 90కి 63 రావాలి. రోజూ రోగుల బంధువులకు డాక్టరు మాటను విడమరిచి చెప్పే మీకు ఇది కొత్త కాదు. అయితే "ఇన్సూరెన్సు", "అపాయింట్‌మెంటు" అని మనం అలవాటుగా వదిలేసే మాటలకు తెలుగు సిద్ధంగా పెట్టుకోండి.

ఆగస్టు గురించి తొందరపడకండి. వయసును, వీసాకు దరఖాస్తు చేయమనే ఆహ్వానం వచ్చిన రోజున చూస్తారు. ఆప్రా పనంతా పూర్తయి, మీరు వరుసలో పేరు వేసేసరికి ఎంత త్వరపడినా 33 దాటిపోతాయి. కాబట్టి ఇప్పుడే 30 తీసేసి 25 వేసుకుని లెక్క చూసుకోండి. 33 నుంచి 39 దాకా ఆ 25 కదలదు. నా అంచనాలో మీకు 80 దాకా వస్తాయి. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లకు కావలసినంత ఎత్తు పాయింట్లు నర్సులకు ఇప్పటివరకూ అవసరం పడలేదు. అదీ చాలకపోతే రాష్ట్ర నామినేషన్‌తో, అంటే అక్కడి ఒక రాష్ట్ర ప్రభుత్వం మిమ్మల్ని ఎంచుకుంటే, 190 వీసాకు 5, ప్రాంతీయ 491 వీసాకు 15 కలుస్తాయి. నేను 190 మీద వచ్చాను. ప్రాంతీయం అనగానే అడవి అనుకోవద్దు. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ తప్ప మిగిలినదంతా ఆ లెక్కలోకే వస్తుంది, పెర్త్, అడిలైడ్ సహా. అయితే 491 తాత్కాలిక వీసా. మూడేళ్లు ఆ ప్రాంతంలో ఉండి పనిచేశాకే శాశ్వతానికి దరఖాస్తు.

ఒక్క జాగ్రత్త. మీ ఆసుపత్రి ఇచ్చే అనుభవపత్రంలో హోదా, చేరిన తేదీ మాత్రమే ఉంటే ఇక్కడ ఎందుకూ కొరగాదు. వారానికి ఎన్ని గంటలు, ఏ వార్డు, ఏయే బాధ్యతలు అన్నీ ఉండాలి. అది మానవ వనరుల విభాగం తనంతట రాయదు. మీ నర్సింగ్ సూపరింటెండెంట్ దగ్గర కూర్చుని రాయించుకోండి. ఉద్యోగం మానేశాక అడిగితే రావడం కష్టం.


సమాధానం 2: హొరమావు, బెంగళూరు (2017 నుంచి 2023 దాకా కెనడా)

నేను కెనడాలో ఆరేళ్లుండి, మా నాన్నగారి ఆరోగ్యం కోసం తిరిగి వచ్చినవాణ్ణి. నా భార్య కూడా నర్సే. అందుకని మీ ప్రశ్న చదువుతుంటే మా ఇంటి సంగతే ఎవరో అడుగుతున్నట్టుంది.

మొదట మీ 416 గురించి. మేము వెళ్లిన 2017లో, మే నెలాఖరు విడతలో కోత మార్కు, అంటే ఆహ్వానానికి కావలసిన కనీస పాయింట్లు, 413కు దిగింది. అంటే ఆ రోజు మీరు వరుసలో ఉంటే ఆహ్వానం వచ్చి ఉండేది. ఆ కాలంలో వెళ్లిన మీవారి స్నేహితులు "ఏముంది, వేసేయండి" అంటున్నారంటే వారు అబద్ధం చెప్పడం లేదు, తమ కాలం సంగతి చెబుతున్నారు. ఇప్పుడు ఆ తలుపు అలా లేదు. 2025కు 5,00,000 మందిని తీసుకుంటామన్న ప్రభుత్వం 2024 అక్టోబరులో ఆ సంఖ్యను 3,95,000కు తగ్గించింది. ఉద్యోగ ఆఫరుకు ఇచ్చే పాయింట్లను 2025 మార్చిలో తీసేసింది. 2023 నుంచి వృత్తులవారీగా విడతలు పెట్టి వైద్యరంగానికి వేరుగా పిలుస్తున్నారు, వాటిలో కోత మార్కు మిగిలినవాటికన్నా తక్కువగానే ఉంటోంది. అయినా 416 ఇంకా దానికి దూరమే. ఫ్రెంచి బాగా నేర్చుకుంటే 50 కలుస్తాయి, రాష్ట్ర నామినేషన్ వస్తే ఏకంగా 600. ఈ రెండూ లేకుండా ఫెడరల్ వరుసలో పేరు వేసి ఎదురుచూడటమంటే ప్రతి పుట్టినరోజుకూ 5 పాయింట్లు పోగొట్టుకుంటూ కూర్చోవడమే. ఆస్ట్రేలియాలో వయసు మెట్లు మెట్లుగా తగ్గుతుంది. కెనడాలో ముప్పై దాటాక ఏటా తగ్గుతుంది, నలభై దాటాక మరీ వేగంగా.

ఇప్పుడు మీ భయం సంగతి. నా భార్యకు అది అక్షరాలా జరిగింది. పీఆర్‌తో టొరంటో పక్కన దిగాము. బేస్‌మెంటులో అద్దెకున్నాము, కిటికీ సరిగ్గా నేలమట్టాన ఉండేది, మంచు పడ్డ రోజు వెలుతురు లోపలికి రావాలంటే నేను బయటికి వెళ్లి పారతో తీయాలి. నర్సింగ్ పత్రాల మదింపుకే ఏడాదికి పైగా పట్టింది, ఎందుకంటే చదివిన కళాశాల ఒక రాష్ట్రంలో, మొదటి నమోదు అక్కడే, తరువాతి నమోదు కర్ణాటకలో. ఒక్కో చోటునుంచి ధ్రువీకరణ సీల్ చేసిన కవరులో వెళ్లాలి, ఒకటి వెళ్లేసరికి మరొకటి గడువు దాటేది. మొదటి రెండేళ్లూ ఆమె వృద్ధుల ఆశ్రమంలో సహాయకురాలిగా చేసింది. రోగి నాడి చూసి ఏదో తేడాగా ఉందని గ్రహించినా, "నర్సును పిలుస్తాను" అని చెప్పి బయటికి రావలసి వచ్చేది. ఇంటికి వచ్చి ఆ మాటే చెప్పి ఏడ్చేది. తరువాత ఎన్‌క్లెక్స్ రాసి, లైసెన్సు తెచ్చుకుని, మంచి ఆసుపత్రిలో గౌరవంగా పనిచేసింది. ఆ చివరి మూడేళ్లు కెనడా మాకు ఎంత మంచి దేశమో నేను మాటల్లో చెప్పలేను. కానీ ఆ మొదటి రెండేళ్లు తప్పించుకోగలిగినవే.

ఎలాగంటే, ఎన్‌క్లెక్స్ రెండు దేశాలకూ పనికొచ్చే పరీక్ష. కెనడా రాష్ట్రాలు నర్సుల నమోదుకు 2015 నుంచి దాన్నే వాడుతున్నాయి. క్యుబెక్ లెక్క మాత్రం చాలాకాలం వేరుగా ఉంది. అంతకన్నా మీకు ముఖ్యమైనది, నోవా స్కోషియా నర్సుల నియంత్రణ సంస్థ 2023 మార్చిలో భారత్‌తో సహా ఏడు దేశాల నర్సులకు దగ్గరిదారి తెరిచింది: ఇక్కడ నమోదు సక్రమంగా ఉండి, ఎన్‌క్లెక్స్ గట్టెక్కితే, పాత పద్ధతిలోని సుదీర్ఘమైన పత్రాల మదింపు లేకుండా లైసెన్సుకు వెళ్లవచ్చు. న్యూఫౌండ్‌లాండ్ అండ్ లాబ్రడార్ ప్రభుత్వమైతే 2022 చివర్లో నర్సులను చేర్చుకోవడానికి బెంగళూరుకే బృందాన్ని పంపింది. టొరంటో పేరే వింటూ ఉండే మనం ఈ తూర్పు తీరపు రాష్ట్రాల వైపు చూడము. లైసెన్సు, ఉద్యోగం, రాష్ట్ర నామినేషన్ మూడూ ఒకేచోట కలిసే అవకాశం మీలాంటివారికి అక్కడే ఎక్కువ.

అందుచేత నా సలహా: దేశాన్ని ఈరోజే ఎంచుకోవద్దు. ఎన్‌క్లెక్స్ రాయండి. అది చేతిలో ఉంటే ఆస్ట్రేలియాకు నర్సింగ్ పరీక్షల్లో ఆస్కీ ఒక్కటే మిగులుతుంది, నోవా స్కోషియాకు దరఖాస్తు మిగులుతుంది. అప్పుడు మీరు రెండు దేశాలను పక్కపక్కన పెట్టి చూడగలరు. ఇప్పుడు చూస్తున్నవి వాళ్లూ వీళ్లూ చెప్పిన మాటలు మాత్రమే.

డబ్బు గురించి క్లుప్తంగా. కెనడా పీఆర్ రుసుము 2024 ఏప్రిల్ చివర్లో పెంచినప్పుడు పెద్దవారికి ఒక్కొక్కరికి 1,525 కెనడా డాలర్లు, పాపకు 260 అయింది. అది తక్కువే కానీ, విదేశీ అనుభవంతో వెళ్లేవారు ముగ్గురికి ఇరవై మూడు వేల డాలర్లకు పైగా సొంత డబ్బు ఖాతాలో చూపించాలి. రాష్ట్ర నామినేషన్ అక్కరలేని ఆస్ట్రేలియా 189 వీసాకు ఆ నిధుల నియమం లేదు, కానీ రుసుమే ప్రధాన దరఖాస్తుదారుకు ఐదు వేల డాలర్లకు దగ్గరగా ఉంటుంది, భర్తకు అందులో సగం, పాపకు పావు.


సమాధానం 3: మహదేవపుర, బెంగళూరు

అమ్మా, నేను నర్సునూ కాదు, ఇంజినీరునూ కాదు. హిందూపురం వాణ్ణి, పదవీ విరమణ చేసి బెంగళూరులో ఉంటున్నాను. మా అమ్మాయి కాల్గరీలో, అబ్బాయి మెల్‌బోర్న్‌లో ఉన్నారు. రెండిళ్లలోనూ ఉండి వచ్చిన తల్లిదండ్రులుగా, మీరు ఒక్క వాక్యంలో ప్రస్తావించి వదిలేసిన మీ అత్తగారి గురించి నాలుగు మాటలు రాస్తాను.

కాగితాల మీద చూస్తే కెనడాయే తల్లిదండ్రులకు మేలు. అక్కడ సూపర్ వీసా ఉంది; 2022 జులై నుంచి ఒక్కసారి వెళితే ఐదేళ్ల దాకా ఉండవచ్చు. కనీసం లక్ష కెనడా డాలర్ల ఆరోగ్య బీమా తీసుకోవాలి, మీ ఆదాయం నిర్ణీత మొత్తానికి తగ్గకూడదు. శాశ్వతంగా పిలిపించుకోవడం మాత్రం లాటరీయే. 2020లో ఆసక్తి పత్రం వేసినవారి జాబితా నుంచే 2025 దాకా పిలుస్తూ వచ్చారు, కొత్తవారికి ఆ వరుసలో చోటే దొరకలేదు. ఆస్ట్రేలియాలో సందర్శకుల వీసా మీద మేము ఏడాదికి మించి ఉండలేదు. మూడేళ్లకో ఐదేళ్లకో ఇచ్చే తాత్కాలిక తల్లిదండ్రుల వీసా, 870, ఉంది కానీ ఖరీదైనది. శాశ్వత వీసాకు పిల్లల్లో కనీసం సగంమంది అక్కడ ఉండాలి. మీ ఇంట్లో ఇద్దరే సంతానం కాబట్టి మీవారు వెళితే ఆ నియమం నెరవేరుతుంది. కానీ త్వరగా కావాలంటే ఒక్కరికే నలభై వేల డాలర్లు దాటుతుంది, ఆ త్వరగా అనేదానికీ ఏళ్లు పడుతుంది.

ఇదంతా కాగితం. కాల్గరీలో ఐదేళ్లుండే వీలున్నా మేము ఏడు నెలలకే వచ్చేశాము. మా ఆవిడ జీవితమంతా తెల్లవారి వాకిట్లోకి వెళ్లి ముగ్గు వేసిన మనిషి. అక్కడ నవంబరు మొదలయ్యాక తలుపు తీయాలంటే బూట్లు, కోటు, చేతి తొడుగులు వేసుకోవడానికే పది నిమిషాలు. వేసుకున్నా మెట్ల మీద మంచు జారుతుందేమోనని భయం. మెల్‌బోర్న్‌లో రోజూ సాయంత్రం పార్కుకు నడిచి వెళ్లేది, అక్కడ ఇద్దరు తెలుగువాళ్లు స్నేహమయ్యారు. ఇక్కడి సమయానికి మెల్‌బోర్న్ నాలుగున్నర గంటలో ఐదున్నర గంటలో ముందుంటుంది కాబట్టి, ఇప్పుడు కూడా మనవడు బడినుంచి రాగానే, మాకు మధ్యాహ్నం కాకముందే, మాతో మాట్లాడతాడు. కాల్గరీ మనవరాలితో మాట్లాడాలంటే మా రాత్రి, వాళ్ల పొద్దుటి హడావిడి. ఇద్దరు పిల్లలనూ సమానంగా ప్రేమించినా, ఎవరి జీవితం మాకు దగ్గరగా తెలుస్తోందో మాకు తెలుసు. బెంగళూరు నుంచి సిడ్నీకి 2022లో నేరుగా విమానం మొదలైందన్నది కూడా వయసు మళ్లినవారికి చిన్న సంగతి కాదు.

తోట గురించి కూడా మీవారితో మాట్లాడండి. ప్రవాస భారతీయులైనా, తరువాత పౌరసత్వం మారి ఓసీఐ కార్డు తీసుకున్నా, ఇక్కడ వ్యవసాయ భూమిని కొనడానికి వీలుండదు. కానీ వారసత్వంగా వచ్చినది ఉంచుకోవచ్చు. కాబట్టి పక్కపొలం కలుపుకునే ఉద్దేశం ఉంటే అది వెళ్లేముందే. అన్నిటికంటే ముందు, ఈసారి శనివారం వెళ్లినప్పుడు అత్తగారిని నేరుగా అడగండి. మీ ఇద్దరూ ఆమె తరఫున నిర్ణయించేశారని మీ ప్రశ్న చదివితే నాకు అనిపించింది.


ప్రశ్న అడిగినవారు: కె.ఆర్. పురం, బెంగళూరు

ముగ్గురికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మీ సమాధానాలను మావారికి చదివి వినిపించాను. "డిపెండెంట్" గడి గురించి ఆయనే బాధపడ్డారు. ఈ దరఖాస్తుకు నువ్వే ముందుండు, నా ఏసీఎస్ పని నేను చూసుకుంటాను అన్నారు.

పెద్దాయన చెప్పినట్టు నిన్న మదనపల్లె వెళ్లి అత్తమ్మను అడిగాను. ఆమె కోసిన కాయలను బాక్సుల్లోకి ఏరుతూ, తల ఎత్తకుండానే, "ఐదేండ్లు నేనేడుంటానమ్మా, మూడు నెలలు వస్తా, మడక దున్నే పొద్దుకు నన్ను పంపించెయ్" అన్నారు. మూడు నెలలకైతే రెండు దేశాల సందర్శక వీసాలూ సరిపోతాయి. ఇన్నాళ్లూ సూపర్ వీసాను మనసులో పెట్టుకునే కెనడా వైపు మొగ్గుతున్నామని అప్పుడు నాకు తెలిసింది.

ఎన్‌క్లెక్స్‌తో మొదలుపెట్టాలని నిశ్చయించుకున్నాము. ఒక్క సందేహం మిగిలింది. ఐఈఎల్‌టీఎస్ ఒక్కసారి రాస్తే రెండు దేశాలకూ సరిపోతుందా?


సమాధానం 1 ఇచ్చినవారు: అడిలైడ్

సరిపోదు అక్కా, ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. ఆప్రాకు అకడమిక్ రకం కావాలి. ఆస్ట్రేలియా వీసా పాయింట్లకు అదే సరిపోతుంది. కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి మాత్రం జనరల్ ట్రైనింగ్ రకమే చెల్లుతుంది. కాబట్టి ముందు అకడమిక్ రాయండి. ఫలితం ఆప్రాకు రెండేళ్లు, వీసాకు మూడేళ్లు చెల్లుతుంది కనుక, మీ నమోదు ధ్రువీకరణ పత్రాలకు దరఖాస్తు పెట్టి, అవి కదిలాక పరీక్ష తేదీ తీసుకోండి. ఆంధ్రలో మీ మొదటి నమోదు ఇంకా చెల్లుబాటులో ఉందో లేదో ఈ వారమే చూసుకోండి. నాది గడువు దాటిపోయిందని దరఖాస్తు మధ్యలో తెలిసి, దాన్ని పునరుద్ధరించుకోవడానికి నాలుగు నెలలు ఆగవలసి వచ్చింది.